తివాచీకి తలంటు!

వీధి మొగలో వ్యాను ఆగుతుంది. అందులోంచి రెండు గొట్టాలు బయల్దేరి గుమ్మం దాటి, మెట్లెక్కి, హాల్లో పరిచిన తివాచీ దగ్గరికి వెళ్తాయి. ఒకటి వేడి నీళ్లు మోసుకెళ్తుంది. రెండోది మురికిని పీల్చుకొస్తుంది. చాలా దేశాల్లో తివాచీల తలంటు ఇలాగే జరుగుతోంది. మరి నాలుగడుగుల గల్లీలూ, నేలమీద కూర్చునే ఇళ్లూ, రోజుకు అయిదుసార్లు నమాజు జరిగే మసీదులూ ఉన్న హైదరాబాద్ పాతబస్తీకి ఈ వ్యాను వస్తే..?

అమెరికాలోనో, ఇంగ్లండ్‌లోనో తివాచీ అంటే చాలా ఇళ్లలో బూట్లతో నడిచేది. పాతబస్తీలో అలా కాదు. గుమ్మం దగ్గరే చెప్పులు విడవాలి. ఆ తర్వాత ఇంట్లో సగం జీవితం తివాచీ మీదే! అతిథులొస్తే దానిమీదే తెల్లటి చాందినీ పరుస్తారు. పెద్దవాళ్లకు ఆనుకోవడానికి బాలీసులు వేస్తారు. మధ్యలో దస్తర్‌ఖాన్ పరిస్తే అదే భోజనాల బల్ల. పసిపిల్లలు పాకేదీ, అమ్మమ్మలు కునుకు తీసేదీ దానిమీదే. మొహర్రం రోజుల్లో దారుల్‌షిఫా వైపు ఆషూర్‌ఖానాల్లో మజ్లిస్‌లు జరిగితే వందల మంది నేలమీదే కూర్చుంటారు. మసీదులోనైతే నుదురు ఆన్చేది కూడా ఆ తివాచీకే.

అంటే ఇక్కడ తివాచీ శుభ్రత అందానికి సంబంధించిన విషయం మాత్రమే కాదు. తినే కంచం, పడుకునే పక్క ఎంత శుభ్రంగా ఉండాలో అదీ అంతే శుభ్రంగా ఉండాలి. పైకి మెరిస్తే చాలదు. అడుగున దుమ్ము ఉండకూడదు, కడిగిన సబ్బు మిగలకూడదు, తడి అసలే నిలవకూడదు. ఏ యంత్రం వచ్చినా ఈ మూడు పరీక్షలూ నెగ్గాల్సిందే.

గుర్రబ్బండి మీద మొదలైంది!

బండిలో యంత్రం పెట్టి ఇంటింటికీ తీసుకెళ్లాలన్న ఆలోచన ఈనాటిది కాదు. దానికి నూటపాతికేళ్ల చరిత్ర ఉంది. 1901లో లండన్‌లో ఒక కొత్త యంత్రాన్ని ప్రదర్శిస్తుంటే చూడటానికి వెళ్లాడు హ్యూబర్ట్ సెసిల్ బూత్ అనే ఇంజినీరు. అది గాలి ఊది దుమ్ము లేపే యంత్రం. ‘ఊదితే దుమ్ము ఎగిరి మళ్లీ అక్కడే కూర్చుంటుంది కదా... పీలిస్తే పోలా?’ అనుకున్నాడాయన. ఆ ఏడాదే పేటెంటు తీసుకున్నాడు. ఇప్పుడు మనం వాడే వాక్యూమ్ క్లీనర్‌కు మూలం అదే.

కాకపోతే బూత్ చేసిన యంత్రం ఇంట్లో పట్టేది కాదు. పెట్రోలు ఇంజినుతో నడిచే ఆ భారీ సామగ్రిని గుర్రబ్బండి మీద ఎక్కించారు. బండి వీధిలోనే ఆగేది. పొడవాటి గొట్టాలను కిటికీల్లోంచి లోపలికి పంపి దుమ్ము లాగేవారు. ఆ వింతను చూడ్డానికి జనం మూగేవారు. గొప్పింటివాళ్లు తివాచీ శుభ్రం చేయించే రోజున స్నేహితుల్ని విందుకు పిలిచేవారట! మరోవైపు ఆ చప్పుడుకి వీధిలో గుర్రాలు బెదిరిపోతున్నాయని ఫిర్యాదులూ వచ్చాయి.

1902లో ఏడో ఎడ్వర్డ్ పట్టాభిషేకం కోసం వెస్ట్‌మినిస్టర్ అబేలో పరిచిన తివాచీలను ఈ యంత్రంతోనే శుభ్రం చేశారు. దాంతో దాని పేరు మారుమోగిపోయింది. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో లండన్‌లోని క్రిస్టల్ ప్యాలెస్‌లో సైనికులకు బస ఏర్పాటు చేస్తే అక్కడ జ్వరాలు ప్రబలాయి. అప్పుడు బూత్ యంత్రాలను రప్పించి అక్కడి దుమ్మును తోడించారు. ఆ దుమ్ము 26 టన్నులు తూగిందని చెబుతారు.

వ్యాన్లో ఏముంటుంది?

ఇప్పటి పద్ధతిలో గాలితో పాటు వేడి నీళ్లూ వచ్చి చేరాయి. 1970ల్లో అమెరికాలో ఊపందుకున్న ఈ విధానంలో వ్యాను వెనక భాగమే ఒక చిన్న కార్ఖానా. మంచినీళ్ల ట్యాంకు ఒకటి, మురుగునీళ్ల ట్యాంకు ఒకటి ఉంటాయి. నీటిని ఒత్తిడితో పంపే పంపు, గాలిని బలంగా లాగే బ్లోయరు ఉంటాయి. వాటిని తిప్పడానికి వ్యాను ఇంజినే పనికొస్తుంది, లేదా విడిగా మరో ఇంజిను బిగిస్తారు. తమాషా ఏమిటంటే... నీళ్లు కాగడానికి వేరే పొయ్యి అక్కర్లేని యంత్రాలు చాలా ఉన్నాయి. ఇంజిను పనిచేస్తున్నప్పుడు వృథాగా పోయే వేడితోనే నీళ్లు సలసల కాగుతాయి!

ఇంతా చేసి బండెడు సామగ్రి ఎందుకు? లెక్క చూస్తే తెలుస్తుంది. మన ఇళ్లలో గీజరుకు పెట్టే 16 ఆంపియర్ల ప్లగ్గు నుంచి వచ్చే కరెంటు మహా అయితే మూడున్నర కిలోవాట్ల చిల్లర. నీళ్లు కాయడం, పంపు తిప్పడం, గాలి లాగడం... అన్నీ అందులోనే సర్దుకోవాలి. అదే 25 హార్స్‌పవర్ల ఇంజినైతే 18 కిలోవాట్లు దాటుతుంది. ఇంటి కరెంటుతో పనిలేదు. పని మధ్యలో కరెంటు పోతుందన్న భయమూ లేదు.

పని జరిగే వరస ఇదీ. ముందు పొడి దుమ్మును పూర్తిగా లాగేయాలి. తివాచీలో చేరే మురికిలో ఎక్కువ భాగం పొడి దుమ్మే. దాన్ని వదిలేసి నీళ్లు పోస్తే బురదవుతుంది. తర్వాత మరకలను వదులు చేసే ద్రవాన్ని చల్లి కొన్ని నిమిషాలు ఆగాలి. బ్రష్షుతో మెల్లగా రుద్దాలి. అప్పుడు చేతిగొట్టంతో వేడి నీళ్లు చిమ్ముతూ, మరుక్షణంలోనే ఆ నీళ్లను మురికితో సహా వెనక్కి లాగాలి. నీళ్లు చిమ్మని ఉత్తి లాగుడు మరో రెండుసార్లు. ఆఖరున ఫ్యాన్లు పెట్టి ఆరబెట్టాలి. దీన్నే చాలామంది ‘స్టీమ్ క్లీనింగ్’ అంటారుగానీ అందులో ఆవిరి పాత్ర తక్కువే. పనంతా వేడి నీళ్లది, బలమైన పీల్పుది.

ఈ రెండోదే అసలు కీలకం. నీళ్లు ఎవరైనా పోస్తారు. పోసిన నీటిని ఎంత వెనక్కి లాగామన్నదాన్ని బట్టే తివాచీ ఎన్ని గంటల్లో ఆరుతుందో తేలుతుంది. ఆరకపోతే వాసన, బూజు!

గల్లీ ముందు ఆగాల్సిందే

హైదరాబాద్‌లో సోఫాలు, తివాచీలు శుభ్రం చేసేవాళ్లకు కొదవలేదు. అయితే ఎక్కువమంది చిన్న యంత్రాన్ని వెంట తెచ్చుకుని ఇంటి ప్లగ్గుకు పెట్టుకునేవాళ్లే. పాతబస్తీలో దానికి బలమైన కారణం ఉంది. 1591లో చార్మినార్ కట్టినప్పుడు మోటారు బండి ఉంటుందని ఎవరూ ఊహించలేదు. నాలుగు పెద్ద బాటలు విశాలంగా వేశారుగానీ ఆ తర్వాత వాటిమధ్య పుట్టుకొచ్చిన గల్లీల్లో ఆటో తిరగడమే కష్టం. చార్మినార్ చుట్టూ ఇప్పుడు పాదచారుల దారి. లాడ్‌బజార్లో సాయంత్రమైతే మనుషులే ఒకర్నొకరు తోసుకుంటూ నడవాలి.

గొట్టం పొడవు పెంచితే సరిపోదా అనిపిస్తుంది. కొంతవరకే సరిపోతుంది. గొట్టం పొడవయ్యేకొద్దీ నీళ్లు చల్లబడతాయి, పీల్చే బలం తగ్గుతుంది. మూడు మలుపులు తిరిగి రెండో అంతస్తుకు వెళ్లేసరికి వ్యాను గొప్పతనంలో సగం దారిలోనే కరిగిపోతుంది. పైగా ఇంజిను చప్పుడు! గోడకు గోడ ఆనుకున్న ఇళ్లమధ్య అది గంటల తరబడి మోగితే ఇరుగుపొరుగు ఊరుకోరు.

అలాగని దారే లేదనుకోనక్కర్లేదు. గల్లీకి తగ్గట్టు బండిని చిన్నది చేయొచ్చని ఈ నగరమే ఒకసారి చేసి చూపించింది. మురుగుకాల్వల్లోకి మనుషుల్ని దించే పాడు పద్ధతిని తప్పించడానికి 2017లో హైదరాబాద్ జలమండలి 70 మినీ జెట్టింగ్ యంత్రాలను రంగంలోకి దింపింది. పెద్ద లారీలు దూరలేని సందుల్లోకి వెళ్లేలా చిన్న వాహనాలకే నీటి జెట్టు, సామగ్రి బిగించారు. దళిత పారిశ్రామికులే వాటికి యజమానులయ్యారు. కాల్వ వేరు, తివాచీ వేరు. కానీ సూత్రం ఒక్కటే... యంత్రం ఊరికి తగ్గట్టు ఒదగాలి.

ఇషా నుంచి ఫజర్ దాకా...

వ్యాను నిలబడటానికి చోటుండి, పని ఎక్కువగా ఉండేది ఎక్కడంటే పెద్ద మసీదులు, షాదీఖానాలు. 1617లో మొదలై 1694లో పూర్తయిన మక్కా మసీదునే తీసుకోండి. ప్రధాన ప్రార్థనా మందిరంలో దాదాపు 10 వేల మంది పడతారంటారు. రంజాన్ నెలలో వచ్చే శుక్రవారాల్లో జనం ఆవరణ దాటి చార్మినార్ దాకా బారులు తీరతారు. అన్ని వేల పాదాలు, అన్ని వేల నుదుళ్లు తాకే నేల అది.

ఇలాంటిచోట అసలు పరీక్ష గడియారంతో! రోజుకు అయిదు పూటలు నమాజు. మధ్యలో దొరికే పెద్ద విరామాలు రెండే. రాత్రి ఇషా అయ్యాక తెల్లవారుజామున ఫజర్ దాకా ఒకటి... ఎనిమిది, తొమ్మిది గంటలు. ఫజర్ తర్వాత మధ్యాహ్నం జుహర్ దాకా ఇంకొకటి... ఆరేడు గంటలు. కడగడం, ఆరబెట్టడం రెండూ ఆ లోపలే అయిపోవాలి. రంజాన్‌లో రాత్రిపూట తరావీహ్ నమాజులు కూడా ఉంటాయి కాబట్టి ఆ వ్యవధి ఇంకా చిక్కిపోతుంది. అందుకే ఈ పనికి మంచి సమయం రంజాన్‌కు ముందొచ్చే షాబాన్ నెల.

బాల్చీలతో నీళ్లు కుమ్మరించి బ్రష్షుతో రుద్ది కడిగితే మందపాటి తివాచీ ఆరడానికి రోజులు పట్టొచ్చు. వానాకాలమైతే చెప్పనే అక్కర్లేదు. బలంగా పీల్చే యంత్రం, దానికి తోడు ఫ్యాన్లు ఉంటే కొన్ని గంటల్లో నమాజుకు సిద్ధమవుతుంది. వరస వరసకూ గీతలుండే ఇప్పటి మసీదు తివాచీల్లో మగ్గం యంత్రం మీద నేసినవే ఎక్కువ. వాటిలో కృత్రిమ నూలు వాడినవి వేడినీటి యంత్రానికి బాగానే తట్టుకుంటాయి. ఒక వంతు చొప్పున రోజుకో భాగం చేసుకుంటూ పోతే నమాజుకు ఏ రోజూ ఆటంకం ఉండదు.

ఏ నూలు? ఏ నేత?

ఇక ఇళ్లలోని తివాచీల సంగతి. ఇక్కడే తొందరపడకూడదు. తెలుగునేలకు తివాచీలతో అనుబంధం పాతది. ఓరుగల్లు తివాచీలు 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనకు వెళ్లాయి. ఏలూరు ఉన్ని తివాచీలకూ మంచి పేరుంది. వరంగల్ కొత్తవాడ నేతగాళ్ల చేతుల్లో రూపుదిద్దుకునే నూలు దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పాతబస్తీలోని పాత ఇళ్లలో తాతల నాటి ఖాలీన్లు, షత్రంజీలు ఇంకా పెట్టెల్లో ఉన్నాయి. వాటిని కృత్రిమ నూలు తివాచీతో ఒకేగాటన కట్టి మరిగే నీళ్లు చిమ్మితే... ముప్పై నిమిషాల్లో మూడు తరాల వస్తువు పాడైపోతుంది!

ఉన్ని జంతువుల వెంట్రుక. ఎక్కువ వేడి, గాఢమైన క్షారం తగిలితే బిరుసెక్కుతుంది, రంగు వదులుతుంది, ముడుచుకుపోతుంది. దానికి గోరువెచ్చని నీళ్లు, ఉన్ని కోసమే తయారైన మృదువైన సబ్బు కావాలి. చేతి ముళ్లతో నేసినవైతే నేల మీదే కడగడం కన్నా తీసుకెళ్లి, దుమ్ము దులిపి, పరిచి, రెండువైపులా కడిగి, నీడపట్టున ఆరబెట్టేవాళ్లకు అప్పజెప్పడమే మేలు. వెనక గుడ్డ అంటించిన ‘టఫ్టెడ్’ రకంలో జిగురు ఉంటుంది. నీళ్లు ఎక్కువైతే ఆ జిగురు వదిలి పొరలు ఊడతాయి. జనపనార అడుగున ఉంటే తడికి గోధుమరంగు మరక పైకి తేలుతుంది. పట్టు తివాచీని యంత్రం ఛాయలకే పోనివ్వకూడదు.

మ్యూజియాలు ఇంకా జాగ్రత్తగా ఉంటాయి. వందల ఏళ్ల నాటి తివాచీలను నీళ్లతో ముట్టుకునే ముందు పదిసార్లు ఆలోచిస్తారు. పైన సన్నటి జల్లెడ గుడ్డ పరిచి, అతి తక్కువ బలంతో దుమ్ము లాగుతారు. అంతకు మించి చేయాలంటే సంరక్షణ నిపుణులు ముందుగా రంగులను, పోగులను పరీక్షించాల్సిందే.

ఇంట్లో ఉన్నది ఏ రకమో తెలుసుకోవడానికి మూడు చిన్న పరీక్షలు చాలు. అంచున ఒక్క పోగు లాగి ఇంటికి దూరంగా, జాగ్రత్తగా అగ్గిపుల్లతో కాల్చండి. జుట్టు కాలిన వాసన వచ్చి బూడిద నలిగితే ఉన్నిగానీ పట్టుగానీ. కరిగి గట్టి పూసలా అయితే కృత్రిమం. కాగితం కాలిన వాసనొస్తే నూలు. రెండోది, తివాచీని తిరగేయండి. పైనున్న డిజైనే వెనక ముళ్ల రూపంలో స్పష్టంగా కనిపిస్తే అది చేతి నేత కావచ్చు. గుడ్డ అంటించి ఉంటే టఫ్టెడ్. మూడోది, తెల్లటి తడిగుడ్డను ఒక మూల కాసేపు అదిమి చూడండి. రంగు అంటితే నీళ్ల జోలికి వెళ్లొద్దు.

నీళ్లే అసలు సబ్బు

చాలామంది ‘ఏ సబ్బు వాడతారు?’ అని అడుగుతారు. ‘ఏ నీళ్లు వాడతారు?’ అని కూడా అడగాలి. నగరంలో చాలాచోట్ల బోరు నీళ్లు కఠినం. అందులో సబ్బు సరిగా నురగ రాదు. సబ్బు, లవణాలు కలిసి పోగుల మీద పొరకడతాయి. ఆ జిగటకు దుమ్ము ఇంకా తొందరగా అంటుకుంటుంది. ‘కడిగించిన నెలకే మళ్లీ నల్లబడింది’ అనేవాళ్ల తివాచీల్లో చాలావరకు మిగిలిపోయిన సబ్బే దోషి. ఆఖరి విడత ఉత్త మంచినీళ్లతోనే చేయించాలి. పసిపిల్లలు పాకేచోట, నుదురు ఆన్చేచోట ఇది మరీ ముఖ్యం.

వ్యాన్లో చేరిన మురుగునీళ్లు ఎటు పోతున్నాయన్నదీ ముఖ్యమే. వాన కాల్వలో వదిలేస్తే అది నేరుగా మూసీకో చెరువుకో చేరుతుంది. మురుగు మ్యాన్‌హోల్‌లోకే వెళ్లాలి. కృత్రిమ తివాచీ నుంచి ఊడే సన్నటి ప్లాస్టిక్ పోగులు అందులో ఉంటాయి కాబట్టి ముందుగా వడగడితే ఇంకా మంచిది.

వరద నీళ్లు తాగిన తివాచీది వేరే కథ. 2020 అక్టోబరు వరదల్లో అల్ జుబైల్ కాలనీ, హఫీజ్‌బాబానగర్ లాంటిచోట్ల ఇళ్లలోకి నీళ్లొచ్చి పరుపులు, తివాచీలు బురదలో మునిగాయి. మురుగు కలిసిన నీటిలో నానిన మామూలు తివాచీని ఏ యంత్రంతో కడిగినా నమ్మి వాడటం కష్టం. పారేయమనే నిపుణులు చెబుతారు. బాగా విలువైన చేతినేత అయితే మాత్రం ఆలస్యం చేయకుండా కడిగే కేంద్రానికి చేర్చాలి. తడి రెండు రోజులు దాటితే బూజు పట్టడం ఖాయం.

పిలిచే ముందు...

తివాచీ శుభ్రం చేసేవాళ్లు గుమ్మంలోకి రాగానే ధర ఒక్కటే మాట్లాడుకుంటే సరిపోదు. ముందు పోగును చూసి ఏ రకమో చెప్పగలుగుతున్నారా? తడిపే ముందు పొడి దుమ్ము లాగుతారా? ఒక మూలన పరీక్షించి చూస్తారా? ఎన్ని గంటల్లో ఆరుతుందో మాటిస్తారా? మురుగు ఎక్కడ పోస్తారు? ఈ అయిదింటికీ తడుముకోకుండా జవాబొస్తే యంత్రం వ్యాన్లో ఉన్నా, భుజాన ఉన్నా ఫర్వాలేదు.

పని అయ్యాక తివాచీ పూర్తిగా ఆరేదాకా బరువైన సామాన్లు దానిమీద పెట్టొద్దు. చెక్క కోళ్ల రంగు, ఇనుప కోళ్ల తుప్పు దిగుతాయి. ఫ్యాను తిప్పి కిటికీలు తెరవండి. టీ ఒలికితే రుద్దకుండా పొడిగుడ్డతో అద్దండి. రుద్దితే మరక లోపలికి దిగుతుంది. నెలకోసారి తివాచీని అటుదిటు తిప్పితే ఒకేచోట అరిగిపోదు. పెట్టెల్లో దాచే ఉన్ని తివాచీని ఏడాదికి రెండుసార్లయినా తీసి, దులిపి, గాలికి పెట్టాలి. చీకట్లో ఉన్న ఉన్నిని పురుగులు వెతుక్కుంటూ వస్తాయి. దాచేటప్పుడు మడత పెట్టకుండా చుట్ట చుట్టాలి.

వారానికి ఒకట్రెండుసార్లు వాక్యూమ్ పెట్టే ఇంట్లో ఏడాదికి ఒక తలంటు సరిపోతుంది. ఇసుక రేణువులు పోగుల మొదళ్లను కోసేయకముందే బయటికి పోతాయి కాబట్టి తివాచీ ఆయుష్షూ పెరుగుతుంది. అన్నట్టు, పైసా ఖర్చు లేకుండా సగం దుమ్మును ఆపే సాధనం ఒకటి పాతబస్తీ ఇళ్లలో తరతరాలుగా ఉంది. దానికి ఇంజిను అక్కర్లేదు, గొట్టం అక్కర్లేదు... గడప అవతలే చెప్పులు విడవడం!